చెవిలో మిగిలిన చుక్క

విభూతికి నీళ్ళ స్నానం లేదు. బూడిద స్నానమే.

రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగింటికి హైమావతి టీచరు స్టీలు బేసిన్‌లో రెండు గుప్పిళ్ళ బూడిద పోసి నేలమీద పెట్టేది. ఎక్కడో అగ్నిపర్వతాల దగ్గర తవ్వి తెచ్చిన, మైదాపిండి కంటే మెత్తటి బూడిద. విభూతి అనే ఆ చించిల్లా బోనులోంచి ఒక్క గెంతున వచ్చి అందులో పడేది. నాలుగు పొర్లింతలు పొర్లి, ఒళ్ళు దులుపుకుని, గదంతా తెల్లటి పొగ చేసి కూర్చునేది. ఎలుక మొహం, కుందేలు చెవులు, ఉడత తోక; మిగిలినదంతా బొచ్చు. కింది వాటాలో ఉండే మంగవేణి మొదటిసారి చూసి, "ఇదేం జంతువండీ, దేవుడు మిగిలిపోయిన ముక్కలన్నీ కలిపి కుట్టినట్టుంది!" అంది. కూతురు పోయాక హైమావతికి నవ్వు రాబోయి ఆగిపోవడం ఆ ఒక్కసారే.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉండేది. పరిశోధనశాల జంతువులశాలలో పనివాళ్ళ కోసం కూతురు స్నిగ్ధ రాసిన కాగితం. ఆ గుండ్రటి రాత తల్లి పలక మీద దిద్దించిందే.

నీళ్ళు తగలనివ్వకూడదు, తడిస్తే లోపల ఆరదు. గది ఇరవై రెండు డిగ్రీల్లో ఉండాలి, ఇరవై అయిదు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. పదిహేడు కంటే తగ్గించకూడదు. పళ్ళు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడానికి ఎండు జామకొమ్మ వెయ్యాలి. గట్టిగా పట్టుకోకూడదు, బెదిరితే పట్టుకున్నచోట బొచ్చు వదిలేసి పారిపోతుంది. దాని దగ్గర గట్టిగా మాట్లాడకూడదు.

పదిహేడు కంటే ఎందుకు తగ్గించకూడదో రాయలేదు. కారణం రాయని నియమం హైమావతికి నచ్చదు. అయినా పాటించింది. ముప్పై ఒక్కేళ్ళు పిల్లలచేత నియమాలు పాటింపజేసిన మనిషి.

విశాఖపట్నం చివర కొండమీద ఉన్న వినికిడి పరిశోధనశాలలో స్నిగ్ధ నాలుగేళ్ళు పనిచేసింది. మార్చి మొదటివారంలో చలిగదిలో నత్రజని వాయువు లీకై, గాలి అందక చనిపోయింది. గాలి పలచబడితే మోగాల్సిన అలారం మోగలేదు. దాన్ని స్నిగ్ధే ఆపేసిందని పరిశోధనశాల అధిపతి డాక్టర్ ఉపేంద్ర చెప్పాడు. ఇంటికి వచ్చి మరీ చెప్పాడు.

"చాలా తెలివైన పిల్లమ్మా. కానీ తొందర. నేనెన్నోసార్లు చెప్పాను."

హైమావతి ఆయనకి కాఫీ ఇచ్చింది. ఆయన సగం తాగి వెళ్ళాడు. ఆ గ్లాసు ఆమె కడగలేదు, పారేయనూ లేదు. అడుగున కాఫీ ఎండి నల్లగా పట్టింది. వంటింటి అలమరలో, రోజూ కంటపడే చోట పెట్టుకుంది.

మర్నాడు జంతువులశాలలో పనిచేసే ఎస్తేరు కూరగాయల సంచితో వచ్చింది. పైన తోటకూర కట్ట, పక్కన స్నిగ్ధ రాసిన కాగితం, కింద విభూతి.

"సార్ జంతువులన్నిట్నీ సంపీమన్నారండి. రోగం తగిలిందని రాసీసినారు. నాకు సెయ్యాడలేదు. పాపకి ఇదంటే పేనం. మీరుంచుకోండి, ఎవులికీ సెప్పకండి."

అలా వచ్చింది. హైమావతి స్నిగ్ధ గదిలోనే బోను పెట్టించింది.

*

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయింది. హైమావతి ఫ్రిజ్‌లో పెట్టిన పాలరాతి పలక తీసి పొడిగుడ్డతో తుడిచి బోనులో వేసింది. విభూతి దానిమీద పొట్ట ఆనించి పడుకుంది. పదకొండింటికి కరెంటు వచ్చింది. ఏసీ దానంతట అదే మొదలైంది. ఆగి మళ్ళీ మొదలైతే అది పదహారుకి పోతుందన్న సంగతి ఆమెకి తట్టలేదు.

భోజనం ముగించి వచ్చి నేలమీద కూర్చుంది. విభూతి అలవాటుగా ఆమె భుజమెక్కి, కుడిచెవిలోని వినికిడి యంత్రాన్ని వాసన చూసి, తన చెవి దానికి ఆనించింది.

కుక్కరు కూత వినబడింది.

హైమావతి వంటింట్లోకి చూసింది. పొయ్యి ఆర్పే ఉంది. మూడు కూతలు వచ్చాయి. తర్వాత ఒక ఆడగొంతు విసుగ్గా అంది: "రామ రామ, పప్పు మాడి చచ్చింది."

అది తన గొంతే. ఆ మాట తాను నిన్న అన్నదే.

కదలకుండా కూర్చుంది. ఈసారి మొన్నటి చప్పుడు వచ్చింది: మంగవేణి నవ్వు. ఆ తర్వాత అంతకు ముందెప్పుడో గిన్నె కిందపడిన మోత. రోజులు వెనక్కి నడుస్తున్నాయి. ఆమె లేచి ఏసీ ఆపి, వంటింట్లో ఉత్త కుక్కరు పెట్టి కూత పెట్టించింది. రోజూ ఆ కూతకి ఉలిక్కిపడి మూల నక్కే విభూతి, తలకూడా తిప్పలేదు.

ఎస్తేరుకి ఫోన్ చేసింది.

"టీచరుగారూ, ఏసీ ఎంతలో ఎట్టినారు?"

"పదహారులో ఉంది. ఇప్పుడే ఆపాను."

"ఓలమ్మో! మరి ఆ కాయితంలో రాసుంది కదండీ!"

సాయంత్రం ఎస్తేరు నీలం లైటు ఒకటి పట్టుకుని వచ్చింది. విభూతి చెవి మడత విప్పి లోపలికి లైటు వేసింది. చీకట్లో మిణుగురుల్లా చుక్కలు వెలిగాయి.

"సార్ ఏటో మొలిపించినారండి ఇందులోన. ఇన్నది దాసుకుంటాది. సల్లబడితే కక్కీస్తాది. కక్కీసిందింక మళ్ళీ రాదు, ఆ సుక్క ఆరిపోద్ది. దాంతోపాటు దానికి అంత మేర సెవుడే."

"విన్నవన్నీ దాచుకుంటుందా?"

"అన్నీ ఎక్కడండీ. బెదిరినవీ, మనసుకి నచ్చినవీని. మనమైనా అంతే కదండీ."

"దేనికి ఇదంతా?"

"కోర్టులకంటండి. యంత్రాలే మనుషుల గొంతులు పుట్టించీస్తన్నాయని రికార్డింగులు ఎవులూ నమ్మట్లేదు కదా. పేనమున్న సెవి అబద్దమాడదంట. 'అబద్ధం తెలియని చెవి' అని సార్ పెద్ద బోర్డు రాయించినారు. వొచ్చీ నెల్లో ఢిల్లీ సర్కారోళ్ళొచ్చి ఈ పద్దతి తీసుకుంటారంట."

హైమావతి ఇంకా వెలుగుతున్న ఆ చుక్కల్ని చూసింది.

"ఆ రోజు ఇది స్నిగ్ధ దగ్గరే ఉందా?"

ఎస్తేరు లైటు ఆర్పేసింది. "పాప సేతిలోనే ఉందండి. బోన్లు అందించుకోడానికి గోడకి సిన్న తలుపుంటాది. అందులోంచి దీన్ని ఇవతలకి తోసీసినాది. పెద్ద తలుపుదాకా పాప రాలేపోనాది."

స్నిగ్ధ మరణం మీద విచారణ సంఘం నెలాఖరున కూర్చోబోతోంది. అప్పటిదాకా చెయ్యాల్సింది ఒక్కటే. ఏసీని ఇరవై రెండులో ఉంచాలి. అంతకుమించి ఏ పనీ లేదు. సంఘం ముందు ఆ చెవి తెరుచుకోవాలి, ముందు ఇంటి చప్పుళ్ళు, వెనక ఆ రోజు. హైమావతి రిమోటు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ రాత్రి నెలన్నర తర్వాత మొదటిసారి కడుపునిండా తింది. కోపానికీ ఆకలుంటుందని అప్పుడు తెలిసింది.

పదకొండు రోజులు గడిచాయి.

పన్నెండో రోజు పరిశోధనశాల నివేదిక నకలు పోస్టులో వచ్చింది. నలభై పేజీలు. టీచరు కదా, ఎర్రపెన్ను పట్టుకుని చదివింది. ముప్పైమూడో పేజీలో ఒక వాక్యం: మృతురాలు గతంలోనూ రెండుసార్లు అలారాన్ని ఆపినట్టు సిబ్బందికి తెలుసు.

పెన్ను అక్కడ ఆగిపోయింది.

స్నిగ్ధ ఆరో తరగతిలో లెక్కల నోటుబుక్కు దాచేసి, పోయిందని చెప్పింది. మంచిపిల్లలూ అబద్ధమాడతారు, తొందరలో తప్పులూ చేస్తారు. అది టీచర్లకి తెలిసినంతగా తల్లులకి తెలియదు. ఒకవేళ నిజంగానే తనే ఆపిందేమో? నలుగురి ముందూ ఆ చెవి తెరిచి, అందులోంచి ఆ మాటే బయటపడితే? సాక్షిని పిలిచేముందు సాక్షి ఏం చెబుతాడో తెలుసుకోవద్దా?

ఆమె బీరువా తాళం తీసింది. అప్పుడు మధ్యాహ్నం రెండు. ఎండ కిటికీ తెర మీద పడుతోంది. రిమోటు పదహారు చూపించాక, విభూతిని భుజం మీదికి ఎక్కించుకుంది. జామకొమ్మ విరిగిన చప్పుడు వచ్చింది. తన ఏడుపు వచ్చింది, అది ఏడుపని గుర్తుపట్టడానికి ఆమెకే క్షణం పట్టింది. సంచిలో కుదుపులు, ఎస్తేరు ప్రార్థన. అక్కడ ఆపొచ్చు. రిమోటు చేతిలోనే ఉంది.

ఆపలేదు.

"సార్, అలారం వైరు ఎందుకు తీసేశారు?"

"ఆ టిక్కు టిక్కుమనే చప్పుడంతా రికార్డింగ్‌లో పడుతోందమ్మా. వినికిడి ల్యాబులో నిశ్శబ్దం లేకపోతే ఎలా? పది నిమిషాలు. నేనే మళ్ళీ పెట్టిస్తాను, కానివ్వు."

"ఒద్దు సార్, తర్వాత చేద్దాం."

"ఢిల్లీవాళ్ళు తర్వాత రారు. లోపలికెళ్ళు."

తలుపు పడింది. ఆ తర్వాత వినబడినది హైమావతి ఎస్తేరుకి కూడా చెప్పలేదు. చివర చిన్న తలుపు కిర్రుమని తెరుచుకున్న చప్పుడు. అంతే.

ఏసీ ఆపింది. పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. ఆ సంగతి తెలుసుకోవడానికి, ఆ సంగతిని ఋజువు చెయ్యగల ఒకే ఒక్క సాక్ష్యాన్ని తల్లి ఖర్చు పెట్టేసింది. కన్నకూతుర్ని అనుమానించి.

*

ఎస్తేరు మళ్ళీ నీలం లైటు వేసి చూసి, నెత్తి కొట్టుకుంది.

"అయిపోనాదండి. ఒక్కటుంది. ఒకేఒక్క సుక్క."

"అదేమై ఉంటుంది?"

"ఆ రోజుకి ముందుదే. సెవిలో ఇది మొలిపించినాక రెండ్రోజులే కదండీ. పాప గొంతే అయ్యుంటాది, ఇంకెవులూ దీన్ని ముట్టుకునీవోరు కాదు." ఎస్తేరు గొంతు తగ్గించింది. "దాన్ని దాసుకోండి టీచరుగారూ. మీ పుట్టినరోజుకో ఎప్పుడికో, ఒక్కరూ కూకుని ఇనండి. సార్‌ని ఆ దేవుడు సూసుకుంటాడు."

"దేవుడు ముప్పైమూడో పేజీ చదవలేదు," అంది హైమావతి.

"ఏటి సేస్తారు మరి? సూపించడానికి ఏటుందని?"

"ఒక చుక్క ఉంది కదా."

బళ్ళో ఆమెకొక పద్ధతి ఉండేది. ఏదైనా పోయినా, పగిలినా, అనుమానం ఉన్న పిల్లాణ్ణి కొట్టేది కాదు, తిట్టేది కాదు. అరఠావు కాగితం ఇచ్చి, "ముందు నువ్వు రాయి, తర్వాత చూసినవాణ్ణి పిలుస్తాను," అనేది. చూసినవాడు బయట గుమ్మం దగ్గర నిలబడి ఉండేవాడు. వాడు నిజంగా చూశాడో లేదో రాసేవాడికి తెలియదు. చాలాసార్లు హైమావతికీ తెలిసేది కాదు.

*

విచారణ పరిశోధనశాల సమావేశ మందిరంలోనే జరిగింది. విశ్రాంత న్యాయమూర్తి పరశురామయ్య అధ్యక్షుడు. పక్కన ఇద్దరు సభ్యులు, చివర టైపిస్టు అమ్మాయి. హైమావతి వెదురుబుట్ట బల్లమీద పెట్టి, పైనున్న పొడిగుడ్డ తీసింది. చల్లటి పాలరాతి పలక మీద విభూతి మీసాలు ఆడిస్తూ కూర్చుంది.

ఉపేంద్ర లేచి నిలబడ్డాడు.

"ఇది ఆ రోజు మా అమ్మాయి చేతిలో ఉన్న జంతువు," అంది హైమావతి. "దీని చెవిలో ఒక శబ్దం మిగిలి ఉంది. అంతవరకే నాకు తెలుసు."

ఆమె మాటలు ఆచితూచి వాడే మనిషి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"ఏమండీ డాక్టరుగారూ, ఇది మీ జంతువేనా?" అన్నాడు పరశురామయ్య. "రోగంతో చచ్చిందని రాశారే!"

"లెక్కలో పొరపాటు జరిగుండొచ్చు సార్. చూడనివ్వండి."

ఆయన విభూతిని మెడ దగ్గర గట్టిగా పట్టి ఎత్తాడు. దాన్ని తయారుచేసినవాడికి దాన్ని ఎత్తుకోవడం రాదు. విభూతి ఒక్క గుంజు గుంజి బుట్టలో పడింది; పిడికెడు బూడిదరంగు బొచ్చు ఆయన చేతిలో ఉండిపోయింది. హైమావతి అరచేయి చాచింది. విభూతి దానంతట అదే ఎక్కింది. ఉపేంద్ర నీలం లైటు వేసి చెవిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఒక చుక్క వెలుగుతోంది. మిగతావి ఆరిపోయినా, అన్నిటికంటే ఎక్కువ బెదిరించిన శబ్దమే గట్టిగా నిలుస్తుందని ఆయనే వ్యాసం రాశాడు. చెవిని తెరవడం బయటివాళ్ళకి చేతకాదని ఆయన నమ్మకం. అందులోనూ చెవుడున్న బడిపంతులమ్మకి.

"ఈ చెవి చెప్పేది నమ్మొచ్చా?" అడిగాడు పరశురామయ్య.

ఉపేంద్ర వెనక గోడమీద బోర్డు ఉంది. నమ్మకూడదంటే ఆ బోర్డు దింపాలి, ఢిల్లీవాళ్ళని వెనక్కి పంపాలి, పన్నెండేళ్ళ పని చెత్తబుట్టలో వెయ్యాలి.

"నమ్మొచ్చు సార్," అన్నాడు.

"అయితే తెరవండి."

"ఒక్క మనవి," అంది హైమావతి. సంచిలోంచి అరఠావు కాగితం తీసింది. "ఇది ఒక్కసారే చెబుతుంది. అందుకని ముందు డాక్టరుగారు ఆ రోజు జరిగింది తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. తర్వాత దీన్ని విందాం. రెండూ కలిస్తే ఆయనకే గౌరవం."

పరశురామయ్య గడ్డం నిమురుకున్నాడు. "బావుందమ్మా. నేను కోర్టులో ఉండగా ఎవరూ ఇలా అడగలేదే! రాయండి డాక్టరుగారూ."

ఉపేంద్ర పెన్ను తీశాడు. హైమావతి బళ్ళోలాగే చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది. రాసేవాణ్ణి తొందరపెట్టకూడదు, చూపు మాత్రం తీయకూడదు. ఏసీ హోరు వినబడుతోంది. ఆయన రెండు వాక్యాలు రాసి కొట్టేశాడు. బుట్టకేసి చూశాడు. విభూతి ముందుకాళ్ళతో మొహం తుడుచుకుంటోంది. ఆయన వేళ్ళకి అంటుకున్న బొచ్చు పెన్నుకి, పెన్ను నుంచి కాగితానికి అంటుతోంది.

మళ్ళీ మొదలుపెట్టి ఈసారి ఆపకుండా రాశాడు. పరశురామయ్య పైకి చదివాడు: "రికార్డింగ్ కోసం అలారం వైరు నేనే తీయించాను. పది నిమిషాల్లో తిరిగి పెట్టించాలనుకున్నాను, ఫోను రావడంతో మరిచిపోయాను. స్నిగ్ధ అభ్యంతరం చెప్పింది. నివేదికలో ఆ సంగతి రాయకపోవడం నా పొరపాటు."

హైమావతి కళ్ళు మూసి తెరిచింది. చాలు. బుట్ట మీద గుడ్డ కప్పబోయింది.

"ఉండమ్మా," అన్నాడు ఉపేంద్ర. రాయడం అయిపోయాక ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది. "నేను నిజం రాశానో లేదో విభూతినే చెప్పనివ్వండి. సార్, నా పరికరం ఎలా పనిచేస్తుందో మీరూ చూడాలి."

"సాక్షిని తీసుకొచ్చి విప్పకుండా ఎలా తీసుకెళ్తారమ్మా?" అన్నాడు పరశురామయ్య. "కూర్చోండి."

వద్దనడానికి ఆమె దగ్గర కారణం లేదు. ఉన్న కారణం చెబితే కాగితం చిరిగిపోతుంది. కూర్చుంది.

ఏసీ పదహారుకి దిగింది. సన్నటి గొట్టం ఒకటి విభూతి చెవికి ఆనించారు. గోడమీద స్పీకరు గరగరలాడింది.

హైమావతికి ఏ శబ్దమైనా అందాలంటే కుడిచెవి అటు తిప్పాలి. మనసంతా ఒకేచోట పెట్టాలి. స్పీకరు కుడివైపునే ఉంది. కానీ ఎదురుగా ఉపేంద్ర ఉన్నాడు. ఆయన తల ఆడిస్తూ, తన నేరం తనకి వినబడటానికి సిద్ధమై కూర్చున్నాడు.

స్నిగ్ధ గొంతు వచ్చింది.

ఆయన నుదురు మొదట ముడిపడింది. తర్వాత కనుబొమలు పైకి లేచాయి. వస్తున్నది ఆ రోజు మాట కాదని, ఆ రోజు మాట ఈ చెవిలో ఎక్కడా లేదని, లేనిదానికి భయపడి తన చేత్తో తాను రాసిచ్చాడని ఆ ముఖంలో ఒక్కొక్కటిగా దిగింది. పెదవులు పాలిపోయాయి. చెయ్యి కాగితం కోసం బల్లమీదికి జరిగింది. కాగితం పరశురామయ్య మోచేతి కింద ఉంది. హైమావతి రెప్ప వెయ్యకుండా చూసింది. రెండు నెలలుగా ఆకలిగొని ఉన్నది ఆ చూపుకే. చివరి మెతుకుదాకా తింది.

స్పీకరు ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది, తాను ఒక్క మాట కూడా వినలేదని.

"ఏమంది?" అంది. ఆమె టైపిస్టు వైపు తిరిగింది. "అమ్మా, మా అమ్మాయి ఏమంది?"

టైపిస్టు అధ్యక్షుడి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆ అమ్మాయి తాను కొట్టినది చదివింది, రోజూ వాంగ్మూలాలు చదివే గొంతుతోనే.

"ఐదువందల పన్నెండు గ్రాములు. విభూతీ, బరువు పెరిగావే. మా ఇంటికొస్తావా? మా అమ్మకి ఏదైనా రెండుసార్లు చెప్పాలి. నీకు ఒక్కసారి చెబితే చాలు."

హైమావతి కుడిచెవి కొంచెం ముందుకి వంచింది.

"ఇంకోసారి చదవమ్మా," అంది.

*

ఉపేంద్రని మే రెండోవారంలో అరెస్టు చేశారు. ఢిల్లీవాళ్ళు రాలేదు. బోర్డు దింపారని ఎస్తేరు వచ్చి చెప్పింది. ఆ సాయంత్రం హైమావతి అలమరలోంచి కాఫీ గ్లాసు తీసి, పీచుపెట్టి తోమి, బోర్లించింది.

నాలుగైంది. బేసిన్‌లో బూడిద పోసింది. విభూతికి ఇప్పుడేమీ వినబడదు. అరిచేత్తో నేల మీద రెండుసార్లు తడితే ఆ అదురుకి వస్తుంది. తట్టింది. వచ్చి పొర్లింది. గది తెల్లబడింది.

ఎవరూ అడగలేదు గాని, హైమావతి తనని తాను ప్రశ్నించుకుంది: మళ్ళీ ఆ గదిలో కూర్చోబెడితే ఈసారి చెవి ఎటు తిప్పుతావు? అరఠావు కాగితం ముందున్నట్టుగా, నిజమే చెప్పుకుంది.

మళ్ళీ ఆ ముఖమే చూస్తాను.